ఇంట్లో బీరు చేయడం మొదలుపెట్టాలంటే? (రాయగడ నుంచి అడుగుతున్నాను)

నాగావళి గట్టు
నవంబరు 9, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. మాది రాయగడ. ఆరేళ్ళు బెంగుళూరులో పనిచేసి, నాన్నగారికి ఒంట్లో బాగోకపోతే ఈ మధ్యే ఇంటికొచ్చేశాను. అక్కడ మా ఆఫీసు పక్క వీధిలో ఒక మైక్రోబ్రూవరీ, అంటే బీరు అక్కడికక్కడే తయారుచేసే చిన్న చోటు, ఉండేది. అద్దాల గోడ వెనకాల స్టీలు గంగాళాలు, వాటికి ఆనించిన నిచ్చెన. పొద్దున పదకొండు ప్రాంతంలో మూత తీసి కలిపేవారు. ఆ వాసన వీధి చివరిదాకా వచ్చేది. అచ్చం మా అమ్మ మొలకెత్తిన రాగులు వేయిస్తుంటే ఇల్లంతా కమ్ముకునే వాసన. నేను పెద్దగా తాగేవాడిని కాను, నెలకొక గ్లాసు అంతే. కానీ అది ఎలా తయారవుతుందో చూడాలని, నా చేత్తో చేయాలని అప్పటి నుంచీ కోరిక.

ఇప్పుడు కాస్త తీరిక దొరికింది. ఇంట్లో గ్యాస్ పొయ్యి, పది లీటర్ల స్టీలు గిన్నె, పాత ఫ్రిజ్ ఉన్నాయి. ఏసీ లేదు. బార్లీ గింజలు కిరాణా కొట్టులో ఉన్నాయి. ఈస్ట్ బేకరీ సామాన్ల షాపులో చూశాను. ఇంకా ఏం కావాలి? మొదటిసారి చేసేవాళ్ళు ఎక్కడ తప్పు చేస్తారు? మా దగ్గర ఎండలు మీకు తెలుసు కదా, ఆ వేడిలో కుదురుతుందా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

పర్లాకిమిడి వకీలు
నవంబరు 9, రాత్రి 10:02

బాబూ, మీ ఉత్సాహం చూస్తే ముచ్చటేసింది. అయినా ఈ మాట ముందే చెప్పాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. ఒడిశాలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. ఒడిశా ఎక్సైజ్ చట్టం, 2008 చదవండి. బీరు కూడా మద్యమే. "అమ్మడానికి కాదండీ, ఇంట్లోకి రెండు సీసాలు చేసుకున్నాను" అంటే కేసులో నిలబడదు. పార్వతీపురం వైపు దాటినా, ఇచ్ఛాపురం వైపు దాటినా చట్టం పేరు మారుతుంది గానీ సంగతి మారదు. మీరు చూసిన మైక్రోబ్రూవరీ లైసెన్సు కట్టి నడుపుతున్నది.

ఇంట్లో నాన్నగారికి బాగోలేదంటున్నారు. ఈ టైములో స్టేషను, కోర్టు టెన్షన్ మీకు వద్దు.

నాగావళి గట్టు
నవంబరు 9, రాత్రి 10:40

ఇది నాకు నిజంగా తెలియదు సార్. బెంగుళూరులో నా స్నేహితుడొకడు ఆన్‌లైన్లో కిట్ తెప్పించుకుంటే, దొరుకుతోంది కదా, తప్పేముంది అనుకున్నాను. సరే, చేయను. కానీ ఎలా చేస్తారో తెలుసుకోవాలన్న ఆశ మాత్రం పోవడం లేదు. ఆ గింజలోంచి ఆ వాసన, ఆ తీపి ఎలా వస్తాయి? అంతవరకైనా చెప్పేవారుంటే చెప్పండి.

బరంపురం టు మిన్నెసోటా
నవంబరు 10, ఉదయం 7:30

తెలుసుకోవడం తప్పెలా అవుతుంది తమ్ముడూ. మాది బరంపురం. మిన్నెసోటా వచ్చి పద్నాలుగేళ్ళు. పదేళ్ళుగా ఇక్కడ ఇంట్లో బీరు చేస్తున్నాను. వకీలు గారు చెప్పిన మాట ఇక్కడా ఒకప్పుడు నిజమే. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతోనే ఇంటి బీరుకు అమెరికా అంతటికీ ఫెడరల్ అనుమతి వచ్చింది. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే ఉంటే 100. అమ్మకూడదు. అప్పుడు కూడా రాష్ట్రాలు తమ చట్టం తాము చేసుకోవచ్చు. అలబామా, మిసిసిపీ 2013 దాకా ఒప్పుకోలేదు.

ఇక అసలు సంగతి. బీరులో ఉండేవి నాలుగే: మాల్టు, నీళ్ళు, హాప్స్, ఈస్ట్. మాల్టంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. దాన్ని నలిపి, 65 నుంచి 68 డిగ్రీల మధ్య వేడి నీళ్ళలో గంటసేపు నానబెడతాం. గింజలోని పిండి పదార్థం ఆ గంటలో చక్కెరగా మారుతుంది. మొలక వచ్చేటప్పుడు గింజ తన కోసం తయారు చేసుకున్న ఎంజైములే ఆ పని చేస్తాయి. వేడి బాగా ఎక్కువైతే ఎంజైములు చచ్చిపోతాయి, తక్కువైతే బద్ధకిస్తాయి. అందుకే థర్మామీటరు లేకుండా మొదలుపెట్టకూడదు. గంట తర్వాత వడగడితే వచ్చే తియ్యటి గోధుమరంగు ద్రవాన్ని వర్ట్ అంటారు. దాన్ని గంటసేపు మూత లేకుండా మరిగిస్తాం. మూత పెడితే ఉడికించిన మొక్కజొన్న వాసన లోపలే ఉండిపోతుంది. మరిగేటప్పుడే హాప్స్ వేస్తాం. హాప్స్ అంటే ఒక తీగ పువ్వులు. చేదు వాటిదే, సువాసనా వాటిదే. బీరు త్వరగా పాడవకుండా చూసేది కూడా కొంత అవే.

మరిగినది వీలైనంత త్వరగా చల్లార్చాలి. అక్కడి నుంచి శుభ్రతే ప్రాణం. మరిగే దాకా ఏ గరిటె పెట్టినా ఫర్వాలేదు, చల్లారాక తగిలే ప్రతి వస్తువూ కడిగి, క్రిమి లేకుండా చేసి ఉండాలి. కడగడం వేరు, క్రిమి లేకుండా చేయడం వేరు. జిడ్డు పోకుండా శానిటైజర్ పోస్తే దండగ. ఆ తర్వాత ఈస్ట్. 11.5 గ్రాముల పొడి ఈస్ట్ పొట్లం ఒకటి ఇరవై లీటర్లకు సరిపోతుంది. బీరులో ఏల్, లాగర్ అని రెండు పెద్ద రకాలు. మామూలు ఏల్ రకానికి 18 నుంచి 22 డిగ్రీలు కావాలి, లాగర్‌కు పది డిగ్రీల చుట్టుపక్కల.

వేడి గురించి అడిగావు కాబట్టి ఒకటి గట్టిగా చెప్తాను. పులిసేటప్పుడు ఈస్ట్ తానే వేడి పుట్టిస్తుంది. గది 28 ఉంటే లోపల 31 దాటవచ్చు. ఆ వేడిలో మామూలు ఈస్ట్ నెయిల్‌పాలిష్ వాసన, గొంతు మండే ఘాటు తెస్తుంది. నార్వే పల్లెల్లో తరతరాలుగా కాపాడుకున్న క్వైక్ అనే ఈస్ట్ రకాలు మాత్రం 35 డిగ్రీల దగ్గర కూడా శుభ్రంగా పనిచేస్తాయి.

ఇప్పుడు నేను చేసిన తప్పు. మొదటి సారి జూలైలో చేశాను. నాలుగో రోజుకు బుడగలు ఆగిపోయాయి. అయిపోయిందనుకుని, సీసాలో గ్యాస్ రావడానికి చక్కెర కలిపి గాజు సీసాల్లో నింపి, బట్టల అలమరలో పెట్టాను. పదో రోజు రాత్రి రెండింటికి తుపాకీ పేలినట్టు శబ్దం. తలుపు తీస్తే ఒక సీసా మెడ ఎదుటి గోడ ప్లాస్టర్‌లో దిగబడి ఉంది. మా పాప అప్పుడు రెండేళ్ళది, పగలంతా ఆ అలమర ముందే ఆడుకునేది. ఇప్పటికీ తలుచుకుంటే చేతులు చల్లబడతాయి. బుడగలు ఆగడం పులియడం ముగిసినట్టు కాదు. హైడ్రోమీటరు ముంచి చూడాలి. ద్రవం నీళ్ళకంటే ఎంత చిక్కగా ఉందో చూపే గాజు గొట్టం అది, మంచినీళ్ళలో 1.000 చూపిస్తుంది. మొదట్లో 1.048 ఉన్నది 1.010 దగ్గర ఆగి, మూడు రోజుల తర్వాత కూడా అక్కడే ఉంటే అప్పుడు అయినట్టు. ఆ రెండు అంకెల తేడాను 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది. ఈ లెక్కలో సుమారు 5.

కొనేటప్పుడు అందరూ ముందు ఎయిర్‌లాక్ (గ్యాస్ బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని మూత), సీసాలు చూస్తారు. నేనైతే థర్మామీటరు, హైడ్రోమీటరు ముందు కొనమంటాను.

కొరాపుట్ మేష్టారు
నవంబరు 10, సాయంత్రం 6:20

మిన్నెసోటా బాబు చాలా బాగా చెప్పారు. నేను సైన్సు చెప్పి రిటైరైనవాడిని, సిమిలిగూడ దగ్గర ఉంటున్నాను. రాయగడ బాబుకి నాదొక మాట. మీకు కావలసిన రహస్యంలో సగం మీ అమ్మగారి చేతిలోనే ఉంది. మాల్టు అన్న మాట మనకు కొత్తా? రాగి మాల్టు తాగని ఇల్లుందా మన వైపు? రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకెత్తాక ఎండబెట్టి మర ఆడిస్తాం. బార్లీకి వాళ్ళు చేసేది అదే.

ఇది చేసి చూడండి, చట్టంతో పేచీ లేదు. మామూలు రాగిపిండితో చిక్కటి జావ కాయండి, గరిటె నిలబడేంత చిక్కగా. దించి 65 డిగ్రీలకు రానివ్వండి. అందులో మొలకెత్తిన రాగుల పిండి రెండు చెంచాలు వేసి కలిపి మూతపెట్టండి. ఇరవై నిమిషాల తర్వాత గరిటె పెడితే, చిక్కటి జావ మజ్జిగలా జారిపోతుంది. నాలుక మీద వేసుకుంటే చక్కెర వేయకుండానే తీపి. నా క్లాసులో పిల్లలు దీన్ని చూసి గట్టిగా అరిచేవారు. మొదట రెండు చుక్కలు తెల్లటి సాసర్‌లో వేసి బీటాడిన్ (గాయాలకు రాసే అయోడిన్ మందు) చుక్క కలిపితే నల్లటి నీలం రంగు వస్తుంది. పిండి పదార్థం ఉన్నట్టు గుర్తు. గంట తర్వాత మళ్ళీ వేయండి. ఆ రంగు రాకుండా అయోడిన్ గోధుమరంగుగానే ఉండిపోతే పిండి చక్కెరైనట్టు. సాసర్‌లోది పారబోయాలి, గిన్నెలో కలపకూడదు.

మా చుట్టుపక్కల పరజ, గదబ గిరిజనుల ఊళ్ళలో రాగులు పులియబెట్టి లాందా అనే బీరు లాంటి పానీయం చేస్తారు. పండగలో, పెళ్ళిలో, చావులో కూడా దాని చోటు దానికుంది. పొద్దున పొలానికి పోయే మనిషికి అదే అన్నం. జీలుగు చెట్టు కల్లుని ఇక్కడ సలప అంటారు, పొద్దున దించింది తియ్యగా ఉండి సాయంత్రానికి పులిసిపోతుంది. ఈస్ట్ పొట్లం ఎవరూ కొనలేదు, అది గాలిలోనూ, కుండలోనూ ఉంది. ఇంత తెలిసిన వాళ్ళను చదువు లేనివాళ్ళనడం నాకు బాధగా ఉంటుంది.

పర్లాకిమిడి వకీలు
నవంబరు 10, సాయంత్రం 7:05

మేష్టారు చెప్పిన రాగి ప్రయోగానికి నా నుంచి అభ్యంతరం లేదు, పులియబెట్టనంత వరకూ అది జావే. లాందా సంగతి మాత్రం గుర్తుంచుకోండి, వాళ్ళ ఆచారం మనకు లైసెన్సు కాదు.

ప్రాణహిత పోరడు
నవంబరు 10, రాత్రి 9:48

అన్నా, మాది సిరొంచ. అటు మహారాష్ట్ర, ప్రాణహిత దాటితే తెలంగాణ. మా గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. పక్కనున్న చంద్రపూర్‌లో 2015లో పెట్టి 2021లో ఎత్తేసిండ్రు, మాకు మాత్రం అట్లనే ఉంది. మా ఆడవాళ్ళు దాని కోసం కొట్లాడిండ్రు, నేను దాన్ని గౌరవిస్తా. నేను చేసేది అల్లం బీరు, అదీ పులియబెట్టకుండ. పావుకిలో అల్లం తొక్కతో దంచి, అరకిలో బెల్లం, లీటరు నీళ్ళు వేసి సగమయ్యేదాకా కాచి, నిమ్మరసం పిండి వడగట్టి సీసాలో పెడ్త. తాగేటప్పుడు గ్లాసులో రెండు చెంచాల పాకం, పైన చల్లటి సోడా. గోలీసోడా దొరికితే ఇంకా మంచిది. నాకైతే ఇదే చాలు.

పద్మ, కాశీనగర్
నవంబరు 11, మధ్యాహ్నం 2:10

పులియబెట్టే అల్లం బీరు కూడా చాలామంది ఇళ్ళలో చేస్తున్నారు. యూట్యూబ్ చూసి నేనూ చేశాను. అల్లం తురుము, చక్కెర రోజుకో చెంచా చొప్పున నీళ్ళలో వేస్తూ పోతే, మన వేడికి నాలుగో రోజుకే నురగ వస్తుంది. ఆ తోడును తియ్యటి అల్లం నీళ్ళలో కలిపి సీసాల్లో పోస్తాం. అల్లం తొక్క మీదున్న ఈస్టే ఆ పని చేస్తుందట. అందుకే తొక్క తీయకూడదు.

ఇది చదువుతుంటే మా అత్తగారి తరవాణి కుండ గుర్తొచ్చింది. రోజూ అన్నం గంజి పోస్తూ, ఆ కుండని పొయ్యి పక్కన పెట్టి, ఇంకెవరి చేతా ముట్టనిచ్చేవారు కాదు. చెయ్యి తడిగా ఉన్నా, ఎంగిలి గరిటె తగిలినా పాడైపోతుందని ఒకటే కేకలు. అప్పుడు చాదస్తం అనుకున్నాను. మిన్నెసోటా అన్నయ్య చెప్పిన శుభ్రత అదే కదా! ఆవకాయ జాడీకి ఉప్పూ కారమూ కాపలా ఉంటాయి, కొద్దిగా అజాగ్రత్తయినా నిలుస్తుంది. తరవాణికి చెయ్యి శుభ్రమే కాపలా.

ఒక అనుమానం. నేను చేసిన అల్లం బీరులో ఆల్కహాల్ ఉంటుందా? మా పిల్లలు తాగారు.

బరంపురం టు మిన్నెసోటా
నవంబరు 11, రాత్రి 8:25

ఉంటుంది పద్మ గారూ. లెక్క తేలికే. చక్కెరను ఈస్ట్ తింటే సుమారు సగం ఆల్కహాల్, సగం కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకు ఎనిమిది గ్రాముల చక్కెర ఈస్ట్ తిన్నదనుకోండి, నాలుగు గ్రాముల గ్యాస్, నాలుగు గ్రాముల ఆల్కహాల్. అంటే అర శాతం. ఆ పాటి గ్యాస్‌కే సోడా అంత కాకపోయినా నాలుక మీద చురుకు తెలుస్తుంది. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ లెక్క ప్రకారం 0.5 శాతం దాటితే మద్య పానీయం కింద లెక్క. కాబట్టి అల్లం బీరు గీత మీద నిలబడి ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టకుండా నాలుగైదు రోజులు వదిలేస్తే గీత దాటడమే కాదు, సీసా కూడా పేలుతుంది. లీటరుకు ఎనభై గ్రాముల చక్కెర వేసి అంతా పులియనిస్తే అది 5 శాతం, మామూలు బీరుతో సమానం. ఒక్క రోజు ఉంచి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడే తాగేసి ఉంటే మీ పిల్లల విషయంలో భయం అక్కర్లేదు. ఇకముందు పిల్లలకు సిరొంచ తమ్ముడి పద్ధతే మంచిది.

చేసేవాళ్ళు గాజు సీసా మాత్రం వాడొద్దు. కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసా అయితే నొక్కి చూస్తే తెలుస్తుంది. గట్టిగా రాయిలా అయితే వెంటనే ఫ్రిజ్‌లోకి.

పద్మ, కాశీనగర్
నవంబరు 11, రాత్రి 9:00

మర్నాడే తాగేశారు. మనసు కుదుటపడింది, థాంక్స్ అన్నయ్యా. ఇక సోడాయే.

నాగావళి గట్టు
నవంబరు 12, ఉదయం 8:15

ఒక్కొక్కరూ ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. మా అమ్మకు చదివి వినిపించాను. మేష్టారి ప్రయోగంతోనే మొదలుపెడతాను. ఒక భయం అడగాలి. కల్తీసారా తాగి కళ్ళు పోయాయి, చనిపోయారు అని పేపర్లో చూస్తుంటాం. ఇంట్లో చేసిన బీరులో కూడా అది వస్తుందా?

కొరాపుట్ మేష్టారు
నవంబరు 12, ఉదయం 10:30

మంచి ప్రశ్న. కళ్ళు పోగొట్టేది మిథనాల్. గింజలతో చేసిన బీరు పులిసినప్పుడు అది హాని చేసేంత పుట్టదు. ఆ ఘోరాలు ఎక్కువగా పరిశ్రమల్లో వాడే మిథనాల్‌ను సారాలో కలపడం వల్ల జరుగుతాయి. పులియబెట్టడం ఒకటి, కాచి బట్టీ పెట్టడం ఇంకొకటి. బట్టీ జోలికి ఎవరూ, ఏ దేశంలోనూ, సరదాకి కూడా పోకూడదు. నిప్పు ప్రమాదం, చట్టం రెండూ ఉన్నాయి. సారా వల్ల గుల్లయిపోయిన ఇళ్ళను నేను కళ్ళారా చూశాను, నా దగ్గర చదివిన పిల్లల ఇళ్ళే అవి. అందుకే ఇంత గట్టిగా అంటున్నాను.

నాగావళి గట్టు
నవంబరు 23, రాత్రి 8:50

ముందు ఫెయిలైన సంగతి. రాగుల కంటే ముందు బార్లీ మొలకెత్తించాలని ఆశపడ్డాను. కిరాణా కొట్టు బార్లీ అరకిలో నానబెట్టి, గుడ్డలో కట్టి మూడు రోజులు చూశాను. ఒక్క మొలక లేదు. మూడో రోజు మూట విప్పితే జిగురు, పులిసిన కంపు. అమ్మ వాసన చూసి బయట పారబోయమంది. గింజలు పాతవా?

బరంపురం టు మిన్నెసోటా
నవంబరు 24, ఉదయం 6:40

పాతవి కావు తమ్ముడూ. అది పాలిష్ పట్టిన బార్లీ. జబ్బు మనిషికి నీళ్ళు కాచి ఇస్తారే, అది. పైపొట్టు తీసేసేటప్పుడు మొలకెత్తే ముక్క కూడా పోతుంది. అది ఎన్నాళ్ళు నానినా మొలవదు. పొట్టుతో ఉన్న విత్తనపు గింజ కావాలి, అది కూడా మందు కలపనిది. విత్తనాల షాపుల్లో మందు పట్టించినవి ఉంటాయి, వాటిని తిండికి వాడకూడదు. రాగులకే వెళ్ళు. నీ ఊళ్ళో దొరికే రాగులకు మించిన మాల్టు లేదు.

నాగావళి గట్టు
డిసెంబరు 3, రాత్రి 9:30

రాగులతో చేశాను. రెండు రోజులకే తెల్లటి మొలకలు, గుడ్డ కళ్ళలోంచి పొడుచుకు వచ్చాయి. ఎండబెట్టి, ఆ బెంగుళూరు వాసన రావాలని మూకుడులో బాగా వేయించి మర పట్టించాను. ఇల్లంతా అదే వాసన, చాలా ఆనందం వేసింది. కానీ జావలో కలిపితే ఏమీ జరగలేదు. ఇరవై నిమిషాలు, నలభై, గంట. గరిటె నిలబడే ఉంది. బీటాడిన్ వేస్తే నల్లటి నీలమే. థర్మామీటరు సరిగ్గా 65 చూపిస్తోంది. ఏం తప్పు చేశాను?

కొరాపుట్ మేష్టారు
డిసెంబరు 3, రాత్రి 10:15

వేయించారు బాబూ, అదే. ఎంజైములు ప్రోటీన్లు. మూకుడు వేడికి అవి చచ్చిపోయాయి. మీకు వాసన మిగిలింది, పని చేసేవాళ్ళు పోయారు. ఎండలో ఆరినవి అలాగే మర పట్టించండి.

బరంపురం టు మిన్నెసోటా
డిసెంబరు 4, ఉదయం 7:10

తమ్ముడూ, ఇది ఫెయిల్యూర్ అనుకోకు. నువ్వు తెలియకుండానే బీరులో చాలా ముఖ్యమైన విషయం పట్టుకున్నావు. మేం వాడే మాల్టులో ఎక్కువ భాగం తక్కువ వేడిలో నెమ్మదిగా ఆరబెట్టినది, ఎంజైములు దాంట్లోనే బతికి ఉంటాయి. దాన్ని బేస్ మాల్టు అంటారు. రంగు కోసం, వాసన కోసం బాగా వేయించిన మాల్టు కొద్దిగా కలుపుతాం. పది పాళ్ళలో ఒక పాలు ఉన్నా చాలు. నల్లటి స్టౌట్ బీరుకు ఆ రంగు అలా వచ్చిందే. నువ్వు అలాగే చెయ్యి. తొమ్మిది పాళ్ళు ఎండలో ఆరినవి, ఒక పాలు మూకుడులో వేయించినవి. పని చేసేవీ ఉంటాయి, వాసనా ఉంటుంది.

ఇంకొకటి. పచ్చిగా ఉన్న రాగిలో పిండి అంతా 65 దగ్గర మెత్తబడదు. కాబట్టి వేయించిన పిండి, మామూలు రాగిపిండి ముందు జావలా ఉడికించి, 65కి దిగాక ఎండ రాగుల మాల్టు కలుపు. పెద్ద కంపెనీలు బియ్యం కలిపిన లాగర్ చేసేటప్పుడు బియ్యాన్ని విడిగా ఉడికించి కలిపేది కూడా ఇందుకే.

పద్మ, కాశీనగర్
డిసెంబరు 4, మధ్యాహ్నం 1:30

వడగట్టడానికి పల్చటి నూలు గుడ్డ రెండు మడతలు వేయండి తమ్ముడూ. రాగికి బార్లీలా పొట్టు ఉండదు, జల్లెడ మూసుకుపోతుంది. పిండకండి, వేలాడదీసి వదిలేయండి, దానంతటదే దిగుతుంది. హాప్స్ లేవు కదా, చేదుకి దబ్బకాయ తొక్క వేసి చూడండి. తెల్లటి భాగంతో పాటు వేస్తేనే చేదు.

నాగావళి గట్టు
డిసెంబరు 14, రాత్రి 10:05

వచ్చింది!

ఈ రోజు మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టాను. 100 గ్రాములు వేయించిన పిండిని మూడు లీటర్ల నీళ్ళలో జావ కాచాను. దించి, 67 దగ్గర 900 గ్రాముల ఎండ మాల్టు కొద్దికొద్దిగా వేస్తూ కలిపాను. గిన్నెకు పాత దుప్పటి రెండు చుట్లు చుట్టాను. పావుగంటకు చూస్తే పై నుంచి మెరుపు వచ్చింది, గరిటె తిప్పుతుంటే చేతికి తేలికైపోయింది. ఆ క్షణం చెయ్యి ఆగిపోయింది. ఒక్క పొయ్యి కూడా వెలగడం లేదు, అయినా గిన్నెలో పని జరుగుతోంది. అమ్మ పక్కనే నిలబడి, "ముప్పై ఏళ్ళుగా ఈ పిండి కాస్తున్నాను, ఇలా అవుతుందని తెలియదు" అంది. గంటకు బీటాడిన్ వేస్తే గోధుమరంగు. మా వీధి పిల్లలు ముగ్గురు వచ్చి చూశారు, మేష్టారూ, మీ పిల్లల్లాగే అరిచారు.

పద్మక్క చెప్పినట్టు గుడ్డలో వేలాడదీశాను, మంచినీళ్ళు కొద్దిగా పోసి కడిగాను. వడగట్టింది మరిగించి, చివరి పది నిమిషాలు దబ్బకాయ తొక్క వేశాను. మూత పెట్టలేదు. చల్లార్చి నేరుగా ఫ్రిజ్‌లో పెట్టాను. పులియబెట్టలేదు వకీలు గారూ. రెండు రోజుల్లో తాగేస్తాం.

రుచి: తీపి, వెనకాల కాల్చిన వాసన, చివర్లో దబ్బకాయ చేదు. సిరొంచ అన్న చెప్పినట్టు సగం గ్లాసుకు సగం సోడా పోశాను. నురగ లేచి నిలబడింది.

ప్రాణహిత పోరడు
డిసెంబరు 14, రాత్రి 10:31

అన్నా, ఫోటో పెట్టు! రేపే రాగులు నానబెడ్త.

పర్లాకిమిడి వకీలు
డిసెంబరు 15, ఉదయం 9:00

చాలా సంతోషం బాబూ. మా ఇంట్లోవాళ్ళు కూడా కొలతలు రాసుకున్నారు.

బరంపురం టు మిన్నెసోటా
డిసెంబరు 15, రాత్రి 8:45

తమ్ముడూ, సంక్రాంతికి బరంపురం వస్తున్నాను. నా దగ్గర రెండు హైడ్రోమీటర్లున్నాయి, ఒకటి నీకు తెస్తాను. ఈ మధ్య ఒక ఆన్‌లైన్ షాపులో తెప్పించుకున్నది పగిలి వచ్చింది, అందుకే చేతి సామానులో బట్టల మధ్య పెట్టుకొస్తున్నాను. రాయగడ వచ్చి నీ గిన్నె కూడా చూస్తాను.

నాగావళి గట్టు
జనవరి 18, రాత్రి 9:20

అన్నయ్య నిన్న వచ్చారు. ఆయన చూస్తుండగానే ఇంకో విడత చేశాం, ఈసారి కడిగిన నీళ్ళతో కలిపి నాలుగు లీటర్లకు వచ్చేలా. హైడ్రోమీటరు వేడి ద్రవంలో తప్పు చూపిస్తుందని, గ్లాసులో తీసి ఇరవై డిగ్రీలకు చల్లార్చాక ముంచమన్నారు. గాజు గొట్టం ఒకసారి కిందికి మునిగి, పైకి లేచి, తిరుగుతూ తిరుగుతూ ఆగింది. 1.034. అన్నయ్య రెండుసార్లు చూసి, "ఇక్కడ ఈస్ట్ వేస్తే మూడున్నర శాతం దాకా ఆల్కహాల్ వచ్చేది" అన్నారు. ఈస్ట్ వేయలేదు, సోడా పోశాం. నాన్నగారు తాగి, దబ్బకాయ చేదు ఎక్కువైందన్నారు, వచ్చేసారి తొక్క సగం చేస్తాను.

మొలకలు కట్టేటప్పుడు మూట ఎన్నిసార్లు తడపాలో అన్నయ్య ఒక కాగితం మీద రాసిచ్చారు: పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, మొత్తం మూడుసార్లు. ఆదివారం రాగులు నానబెడుతున్నాను, ఎవరికైనా ఎండ మాల్టు కావాలంటే చెప్పండి, గునుపురం వైపు వెళ్ళినప్పుడు ఇచ్చి వస్తాను.